నల్లగుమ్మ కొండ మీద దగ్గు నిషేధం

చింతాడ సన్యాసిరావు దగ్గితే కొండ కింద టీకొట్టులో గాజుగ్లాసులు గలగలలాడతాయని అడవిశాఖలో ఒక మాట ఉంది. అది అతిశయోక్తి. గ్లాసులు కదలవు. టీ కాసే మనిషి మాత్రం తలెత్తి, సెక్షన్ బాబు కొండెక్కుతున్నారు, ఇప్పట్లో టీ అక్కర్లేదు అనుకుని స్టౌ మంట తగ్గిస్తాడు.

నల్లగుమ్మ కొండ మీద దగ్గడం జబ్బు కాదు, మర్యాద. కొండ నడినెత్తిన పైడిగూడ అని చిన్న ఊరుంది. ఆ ఊరివాళ్లు సంతకు దిగేటప్పుడూ, సంత చేసుకుని ఎక్కేటప్పుడూ ప్రతి మలుపు ముందూ ఆగి గట్టిగా దగ్గుతారు. దగ్గి, కాస్త చెవి పెట్టి, అప్పుడు మలుపు తిరుగుతారు. అవతల ఉన్నది మనిషైతే తిరిగి దగ్గుతాడు. ఎలుగుబంటి అయితే తుప్పలు విరుచుకుంటూ తన దారిన తను పోతుంది. ఎలుగుకు చూపు సరిగా ఆనదు. తిండి మీద ధ్యాస పడితే చుట్టూ ఏమవుతోందో పట్టదు. చడీచప్పుడు లేకుండా వెళ్లి దాని పక్కన నిలబడితే హడలిపోయి మీద పడుతుంది. ముందే దగ్గితే ఏ గొడవా లేదు. ఈ సంగతి పైడిగూడలో చంటిపిల్లలకు తప్ప అందరికీ తెలుసు. సన్యాసిరావుకు కూడా అక్కడికి సెక్షన్ ఆఫీసరుగా వచ్చిన వారంలోనే తెలిసింది.

ఆ కొండమీది ఆడ ఎలుగును ఊరివాళ్లు అప్ప అంటారు, అంటే అక్క. పనసకాయలు పండే రోజుల్లో మూడో మలుపు దగ్గర, మిగతా రోజుల్లో చెదపుట్టల దగ్గర దాని మకాం. సన్యాసిరావు కొత్తలో ఒకసారి దాన్ని చూశాడు. వీపు మీద రెండు పిల్లలను ఎక్కించుకుని, సంత బస్సు తప్పిపోయిన ఇల్లాలిలా చిరాగ్గా వాగు దాటుతోంది. ఆ రోజు నుంచీ అతనికి అప్ప అంటే ఇష్టం. అంత ఇష్టం అతను పై అధికారుల్లో ఎవరి మీదా పెట్టుకోలేకపోయాడు.

అప్ప ప్రాణం మీదికి వచ్చింది కూడా సన్యాసిరావు మంచి కోరి చేసిన పని వల్లే. శని, ఆదివారాల్లో పట్నం నుంచి ట్రెక్కింగ్ కుర్రాళ్లు గుంపులుగా రావడం మొదలైంది. వీపున సంచి, సంచికి వేలాడే స్పీకరు, స్పీకర్లో పెళ్లి ఊరేగింపు పాటలు. చిప్స్ పొట్లాలు వాగులో, బీరు సీసాలు పుట్టల మీద. అప్ప పిల్లలు బెదిరిపోయి ఓసారి ఒక పూటంతా చెట్టు దిగలేదు. సన్యాసిరావుకు ఒళ్లు మండి, స్పీకర్లు నిషేధించండి మహాప్రభో అని పై ఆఫీసుకు రాశాడు. న్యాయమైన కోరికే. కానీ న్యాయమైన కోరిక ఆఫీసు మెట్లెక్కే కొద్దీ ఒళ్లు చేస్తుంది. ఇతను స్పీకరు అన్నాడు, పై మెట్టు మీద అది శబ్దం అయింది, ఆ పై మెట్టు మీద ధ్వని అయింది. రాజధాని నుంచి దిగి వచ్చిన ఉత్తర్వు ఇలా ఉంది.

"నల్లగుమ్మ కొండను నిశ్శబ్ద మండలముగా ప్రకటించడమైనది. సదరు మండలమునందు మానవ సంబంధమైన ఏ ధ్వనియు వెలువడరాదు. వైద్య కారణములపై మాత్రము మినహాయింపు కలదు."

ఉత్తర్వు వెనకే దాన్ని అమలు చేయడానికి ప్రత్యేకాధికారి హయగ్రీవం గారు వచ్చారు. సన్నటి మనిషి, సన్నటి గొంతు. అడవిని ఆయన ఎక్కువగా గోడ మీది పటాల్లో చూశారు, అందుకని అడవి అంటే ఆయనకు ఎంతో గౌరవం.

"నిశ్శబ్దం ఒక సహజ వనరు, సన్యాసిరావు గారూ. భూగర్భ జలం వంటిది. మనం మాట్లాడిన ప్రతిసారీ దానిని తోడివేస్తున్నాం."

"అవునండి," అన్నాడు సన్యాసిరావు మామూలు గొంతుతో.

హయగ్రీవం గారు చెవులు మూసుకున్నారు. "మీరు ఇప్పుడు చాలా తోడారు."

కొండదారి పొడుగునా చెట్లకు శబ్దాన్ని కొలిచే యంత్రాలు బిగించారు. చప్పుడు హద్దు దాటితే యంత్రం కూత పెడుతుంది. మొదటిరోజు పొద్దున్న ఎవరో తుమ్మారు. ఒక యంత్రం కూసింది. ఆ కూత హద్దు దాటిందని పక్క యంత్రం కూసింది. దానికి ఆ పైది కూసింది. అలా కింది నుంచి పై దాకా, పై నుంచి కింది దాకా కొండంతా కూసి కూసి, బ్యాటరీలు అయిపోయాక సాయంత్రానికి ఊరుకుంది. తుమ్మినవాడు దొరకలేదు. ఆ తర్వాత కూతలు తీసేసి, చప్పుడు రికార్డు చేసి ఆఫీసుకు పంపే ఏర్పాటు చేశారు.

కొండ మొదట్లో తనిఖీ గేటు పెట్టారు. ట్రెక్కర్లకు మెత్తటి రబ్బరు జోళ్లు ఇచ్చారు. గాజులు, మట్టెలు, తాళాల గుత్తులు గేటు దగ్గర విప్పించారు. సంత రోజున పైడిగూడ నుంచి వంతల చిలకమ్మ పసుపు కొమ్ముల బుట్ట నెత్తిన, పుంజును చంకన పెట్టుకుని దిగింది. చిలకమ్మ ఊరందరికీ పెద్ద. గేటు దగ్గర పుంజు కూసింది.

"కోడి మూతికి కట్టు కట్టవలెను," అన్నారు హయగ్రీవం గారు.

"కూత పెట్టని పుంజునెవుడు కొంటాడు బాబూ? సచ్చిందనుకుంటారు," అంది చిలకమ్మ.

సన్యాసిరావు మధ్యలో కల్పించుకున్నాడు. "అయ్యా, ఉత్తర్వులో మానవ సంబంధమైన ధ్వని అని ఉందండి. ఇది కోడి కదండీ."

హయగ్రీవం గారు ఆలోచించారు. ఆలోచించడం ఆయన మానలేదు, అదే అసలు ఇబ్బంది. "కోడి స్వేచ్ఛగా ఉన్నప్పుడు దాని కూత ప్రకృతి. మానవుని చంకలో ఉన్నప్పుడు మానవ సంబంధమైన ధ్వని."

చిలకమ్మ పుంజును కింద వదిలేసింది. అది కూసుకుంటూ కొండెక్కిపోయింది. దాన్ని పట్టుకునేసరికి చిలకమ్మకు సంత పొద్దు కాస్తా గడిచిపోయింది.

ఇంతవరకూ నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ నిషేధించిన ధ్వనుల్లో దగ్గు కూడా ఉంది. దగ్గొద్దని చెప్పడానికి సన్యాసిరావే పైడిగూడ ఎక్కవలసి వచ్చింది. ఆ రోజు అతనికి ముఖం చెల్లలేదు.

"దగ్గకపోతే మేమొత్తన్నామని అప్పకెలా తెలుత్తాది?" అని అడిగింది చిలకమ్మ.

"తెలీదు."

"మరి?"

"మరి ఏటీ లేదు. ఆర్డరు."

చిలకమ్మ అతని వంక జాలిగా చూసింది. తిట్టి ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ వారంలోనే మొదటి సంఘటన జరిగింది. పట్నం కుర్రాళ్లు నలుగురు రబ్బరు జోళ్లతో పిల్లుల్లా నడిచి మూడో మలుపు తిరిగారు. అప్ప అప్పుడే పనసపండు చీల్చి తొనలు తింటోంది. తలెత్తితే మూరెడు దూరంలో నాలుగు మొహాలు. అది ఒక్క అరుపు అరిచి లేచి నిలబడింది. కుర్రాళ్లు పడుతూ లేస్తూ కిందికి దొర్లారు. ఒకడికి మడమ బెణికింది, ఒకడి సంచి అప్ప గోళ్లకు చిక్కింది. అయితే వాళ్ల క్రమశిక్షణను మెచ్చుకోవాలి. గేటు దాటేదాకా ఒక్కడూ కేక పెట్టలేదు.

రెండో సంఘటనలో దెబ్బ తిన్నది యంత్రాల తనిఖీకి వచ్చిన ఇంజనీరు. ఆయన పంట్లాం వెనకభాగం అప్ప దగ్గరే ఉండిపోయింది. హయగ్రీవం గారు నివేదికలో, "సదరు జంతువు ఎట్టి ముందస్తు సమాచారము లేకుండా విధి నిర్వహణలోని ఉద్యోగికి ఎదురైనది" అని రాశారు. తప్పు ఎవరిదో ఆ వాక్యంలోనే తేలిపోయింది.

నివేదిక చదివి రాజధాని కమిటీ అప్పను సమస్యాత్మక జంతువుగా గుర్తించింది. మూడోసారి గనక ఇలాంటిది జరిగితే దాన్ని పట్టుకుని జంతుప్రదర్శనశాలకు తరలించాలని తీర్మానించింది. తీర్మానంతో పాటే ఇనుప బోను కూడా వచ్చింది. దాన్ని గేటు పక్కన, 'వన్యప్రాణుల ఇల్లు, మన బాధ్యత' అన్న బోర్డు కింద దింపారు.

బోను చూశాక సన్యాసిరావుకు అన్నం సహించలేదు. అప్ప ఆ కమ్మీల వెనక, సిమెంటు నేల మీద, పుట్ట లేక, పనస లేక, టిక్కెట్టు కొన్న జనం వేరుశెనక్కాయలు విసురుతుంటే ఎలా ఉంటుందో అతనికి కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఆ టిక్కెట్టు తనే చింపినట్టు అనిపించింది. మర్నాడు ధైర్యం చేసి హయగ్రీవం గారి ముందు నిలబడ్డాడు.

"అయ్యా, మలుపుల దగ్గర మాత్రం దగ్గనివ్వండి. ఎలుగు దానంతట అదే పక్కకు పోతుంది. ఇక్కడ ఎప్పట్నించో ఇదే పద్ధతి."

"దగ్గు అనునది ధ్వని నిర్వచనంలోకి వచ్చును."

"వస్తుందండి. కానీ ఎలుగుకు కబురు చెప్పాలి కదండీ."

హయగ్రీవం గారి ముఖం వెలిగింది. "కబురు. సరిగ్గా చెప్పారు. లోపం సమాచార వ్యవస్థలో ఉంది. ధ్వనిరహిత సమాచారం ఇద్దాం."

ట్రెక్కర్లు వచ్చే వేళలు రాసిన పచ్చ బోర్డులు తయారయ్యాయి. వాటిని దారి వైపు కాకుండా అడవి వైపు తిప్పి, ఎలుగు కళ్ల ఎత్తున పాతారు. జంతువుకు చదువు రాకపోవచ్చునని ఎవరో అనుమానపడితే, మనిషి బొమ్మా గడియారం బొమ్మా కూడా వేయించారు. అప్ప మొదటి బోర్డుకు వీపు గోక్కుంది. గోక్కుంటే అది పడిపోయింది. రెండో బోర్డుకు కూడా గోక్కుంది. "సదరు జంతువు సమాచారమును స్వీకరించుచున్నది" అని హయగ్రీవం గారు పైకి రాశారు.

అంతలో నల్లగుమ్మకు దేశంలోకెల్లా నిశ్శబ్దమైన కొండగా బహుమతి ఇచ్చే విషయం పరిశీలించడానికి రాజధాని నుంచి పెద్దలు వస్తున్నారని కబురు వచ్చింది. వచ్చారు కూడా. ముందు సన్యాసిరావు, వెనక హయగ్రీవం గారు, ఆ వెనక పెద్దలు, అందరికీ రబ్బరు జోళ్లు. బుగ్గలు బిగబట్టి వరసగా నడుస్తుంటే దొంగతనానికి బయలుదేరిన పెళ్లివారిలా ఉన్నారు.

రెండో మలుపు దాటగానే సన్యాసిరావుకు పనసపండు వాసన తగిలింది. దారి పక్క పుట్ట అప్పుడే తవ్వినట్టుంది, మట్టి ఇంకా తడిగా ఉంది. మూడో మలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. అప్ప అక్కడే ఉందని అతనికి తెలిసిపోయింది. తిరిగితే మూడో సంఘటన. మూడో సంఘటన అంటే బోను.

అతను ఆగాడు. హయగ్రీవం గారు వెనక నుంచి వేలితో పొడిచారు, నడవమని. సన్యాసిరావు ఉద్యోగం గురించి ఆలోచించాడు. ఆలోచన సగంలో ఉండగానే గొంతు తన పని తాను చేసేసింది.

అన్ని రోజులుగా దాచుకున్న దగ్గు ఒక్కసారిగా బయటపడింది. కొండ ప్రతిధ్వనించింది. పైన పైడిగూడలో ఎవరో అలవాటు కొద్దీ తిరిగి దగ్గారు. అది విని ఇంకొకరు, ఆపైన ఊరు ఊరంతా. ఇన్నాళ్లూ నోరు కట్టుకుని ఉన్నారేమో, కరువుదీరా దగ్గారు. మలుపు అవతల తుప్పలు విరిగాయి, ఏదో బరువైన శాల్తీ గొణుక్కుంటూ వాగు వైపు వెళ్లిపోయింది. సన్యాసిరావు కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషమే అది, దగ్గు వల్ల అనుకున్నారు అందరూ.

పెద్దలు మూడో మలుపు తిరిగి, సగం తిన్న పనసపండునూ, పళ్లెమంత అడుగుజాడలనూ చూశారు. వాళ్లలో ఒకాయన జోళ్లు అక్కడే వదిలేసి కిందికి పరిగెత్తాడు. ఆయన వెనకే మిగతావాళ్లు. హయగ్రీవం గారు మాత్రం కదలలేదు. దగ్గర్లోని యంత్రం వంక, సన్యాసిరావు వంక మార్చి మార్చి చూశారు.

"మీకు మెమో ఇస్తున్నాను," అన్నారు.

సంజాయిషీలో ఏం రాయాలో సన్యాసిరావుకు తోచలేదు. ఎలుగు ఉంది కనుక దగ్గాను అంటే అది మూడో సంఘటన అవుతుంది. ఊరికే దగ్గాను అంటే ఉద్యోగం పోతుంది. ఉత్తర్వు తిరగేసి మరగేసి చదివితే చివరి వాక్యం కంటపడింది. నేరుగా కొండ కింద సర్కారు ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడి డాక్టరు హైమవతి గారు తూకం వేసినట్టు మాట్లాడే మనిషి.

"దగ్గు ఎప్పట్నుంచి?"

"ఈ కొండకి వచ్చినప్పట్నుంచండి."

"ఎప్పుడెప్పుడు వస్తుంది?"

"మలుపు వచ్చినప్పుడల్లా."

ఆమె అతని ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. ఏమీ వినపడలేదని ఆమె ముఖమే చెప్పింది. తర్వాత కిటికీలోంచి బోను వంక చూశారు. "స్థలాన్ని బట్టి వచ్చే దీర్ఘకాలపు దగ్గు. ఆపితే ప్రాణాపాయం," అని రాసి సంతకం పెట్టారు. "ఒక్క అబద్ధం కూడా రాయలేదు," అన్నారు కాగితం ఇస్తూ.

మెమో రద్దయింది, మినహాయింపు మంజూరైంది. అది తెలిసి మర్నాడే చిలకమ్మ ఆసుపత్రి వరండాలో కూర్చుంది. ఆవిడ వెనక పైడిగూడ మొత్తం కూర్చుంది. వారం తిరిగేసరికి ఆ ఊళ్లో దగ్గు లేని మనిషి లేడు. హయగ్రీవం గారు ఎవరి మినహాయింపునూ కాదనలేకపోయారు, నియమం నియమమే కదా. ఇకమీదట ట్రెక్కర్లు ఎవరైనా సరే, గుర్తింపు పొందిన రోగి ఒకరు ముందు నడవకుండా కొండెక్కరాదని ఉత్తర్వు కూడా వేశారు. స్పీకర్లు మాత్రం గేటు దగ్గరే ఆగిపోయాయి. చిలకమ్మ మెళ్లో 'శాశ్వత రోగి' అన్న బిళ్ల వేలాడింది.

"నాకేటి రోగం బాబూ?" అని అడిగింది సన్యాసిరావును.

"నాకున్నదే."

"అయితే పరవానేదు," అని నవ్వి, మలుపు ముందు ఆగి, బిళ్ల సర్దుకుని దగ్గింది.

కానీ బోను అక్కడే ఉంది. మూడో సంఘటన జరగలేదన్న మాటే గానీ తీర్మానం ఇంకా బతికే ఉంది. హయగ్రీవం గారికి ఖాళీ బోను చూసినప్పుడల్లా పని సగంలో ఆగినట్టు బాధగా ఉండేది. పనసకాయలు అయిపోయి అప్ప పుట్టల మీదికి మారాక ఆయనకు ఇంకో పని తగిలింది. చెదపుట్టల దగ్గరి యంత్రం పొద్దుగూకే వేళ రోజూ హద్దు దాటిన చప్పుడు పట్టి పంపుతోంది. ఎవరో గట్టిగా ఊదడం, ఆ వెంటనే అంతకన్నా గట్టిగా పీల్చడం. చెదలు తినేటప్పుడు ఎలుగు చేసే చప్పుడది. మూతి పుట్టలో పెట్టి, దుమ్ము ఊదేసి, పురుగులను జుర్రుకుంటుంది. సన్యాసిరావు రికార్డింగు వినగానే గుర్తుపట్టాడు.

హయగ్రీవం గారు గుర్తుపట్టలేదు. "ఎవరో మినహాయింపు లేకుండా ధ్వని చేస్తున్నారు. గుర్తు తెలియని వ్యక్తి. వారం రోజులలోగా గుర్తించి, మండలం నుంచి ఖాళీ చేయించండి. లేదా మినహాయింపు పత్రమైనా సమర్పించండి. ఫైలు మూసివేయాలి."

సన్యాసిరావు చెవి మినహాయింపు పత్రం అన్న మాట దగ్గర ఆగింది. ఆ రికార్డింగు పట్టుకుని హైమవతి గారి దగ్గరికి వెళ్లాడు. ఆమె మొదట శ్రద్ధగా విన్నారు. రెండోసారి విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"పేషెంటు రాలేదా?"

"ఆవిడ కొండ దిగరండి."

"వయసు?"

"మధ్యవయసు. ఇద్దరు పిల్లల తల్లి."

ఆమె రాశారు. 'ఊదునప్పుడు, పీల్చునప్పుడు పెద్ద చప్పుడు. పుట్టుకతో వచ్చినది. మందు అక్కరలేదు. స్థలం మారిస్తే ఆరోగ్యానికి హాని.' సన్యాసిరావు దరఖాస్తులో పేరు దగ్గర అప్ప అని, నివాసం దగ్గర మూడో మలుపు పైన బండరాతి గుహ అని, ఎంతకాలంగా అంటే పుట్టినప్పటి నుంచి అని నింపాడు. ఏదీ దాచలేదు. హయగ్రీవం గారు గుహ అన్నచోట ఒక క్షణం ఆగి, నిరుపేదలు అనుకున్నారు కాబోలు, నిట్టూర్చి సంతకం పెట్టారు. "సదరు నివాసికి మినహాయింపు మంజూరు చేయడమైనది. ఎట్టి పరిస్థితులలోను సదరు నివాసిని కొండపై నుండి తరలించరాదు."

తర్వాత, మూడో సంఘటన జరిగేదాకా ఆగలేక బోను తాలూకు మనుషులు తీర్మానం పట్టుకుని వచ్చినప్పుడు సన్యాసిరావు ఆ ఉత్తర్వు చూపించాడు. వాళ్లు దాన్ని హయగ్రీవం గారికి చూపించారు. ఆయన చదివారు, మళ్లీ చదివారు, కుర్చీలో కూలబడి మంచినీళ్లు అడిగారు. రద్దు చేయాలంటే ఎలుగుబంటికి వైద్య మినహాయింపు ఇచ్చినట్టు రాజధానికి రాసుకోవాలి. ఆయన చాలాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయారు. ఆ కొండ మీద నిశ్శబ్దాన్ని అంత చక్కగా పాటించినవారు అంతకుముందు ఎవరూ లేరు. బోను వెనక్కి వెళ్లలేదు, ముందుకూ వెళ్లలేదు. చిలకమ్మ సంత రోజుల్లో పుంజును అందులో పెట్టి, టీ తాగి వచ్చేది.

ఏడాది గడిచాక రాజధాని నుంచి అప్ప పేర ఒక తాఖీదు వచ్చింది. మినహాయింపు గడువు ముగిసినందున, పొడిగింపు కోసం సదరు వ్యక్తి ప్రధాన కార్యాలయమునకు స్వయంగా హాజరు కావలెనని దాని సారాంశం. హయగ్రీవం గారు దాన్ని ముట్టుకోకుండా సన్యాసిరావు వైపు తోశారు. సన్యాసిరావు అక్కడే కూర్చుని, తన జీవితంలో మొదటిసారి వాళ్ల భాషలో జవాబు రాశాడు.

"సదరు వ్యక్తి స్వయంగా హాజరగుటకు అభ్యంతరము లేదు. కార్యాలయ సిబ్బంది మాత్రము ఆ దినమున ప్రతి మలుపు వద్ద దగ్గుచుండవలెను."

పది రోజుల్లో అప్పకు జీవితకాలపు మినహాయింపు వచ్చింది.